వ్రాసి ఇచ్చే ముందు ఒక మాట

(ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



జమాఖర్చులు విన్నారు, బోనసు పంపకం తీర్మానించారు. ఇక సంఘం లెక్కల పుస్తకాలకు ఎక్కని విషయమొకటి మీకు మనవి చేయదలచాము.

కొంతకాలం క్రితం మేము ఒక సంఘం తనిఖీకి వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ వచ్చి ఎదుట కూర్చున్నది. ఇరవై ఏండ్లు ఆ సంఘానికి పాలు పోసిన సభ్యురాలు. "నా పేర బిల్లు రావడం లేదేమయ్యా?" అని అడిగింది. విచారించగా, ఉన్న రెండెకరాలు, గేదెలు, కొట్టం అన్నీ కొడుకు పేర వ్రాసి ఇచ్చినట్లు తెలిసింది. దస్తావేజులో "ప్రేమాభిమానములతో" అన్న మాట ఉన్నది. అన్నం పెట్టాలని గాని, మందులు ఇప్పించాలని గాని ఒక్క ముక్క లేదు. మూడో ఏటికి ఆమె కూతురింట చేరింది. "కన్నకొడుకు దగ్గర కాగితం వ్రాయించుకోవడమేమిటని సిగ్గుపడ్డాను బాబూ" అన్నది. మా వద్ద జవాబు లేకపోయింది.

సోదరులారా! ఎండాకాలంలో మేత దొరకదని ఎరిగి, వరికోతలు కాగానే మనం వామి వేసుకుంటాము. అది చేను మీద అపనమ్మకం వల్ల కాదు గదా! వృద్ధాప్యానికి ఏర్పాటు చేసుకోవడం కూడా అటువంటిదే. అమెరికాలో వృద్ధుల ఆస్తి, సంరక్షణ వ్యవహారాలకే ప్రత్యేకించిన వకీళ్లు ఉన్నారు. మన మండలంలో అటువంటివారు లేకపోవచ్చు. అయినా దస్తావేజు వ్రాయించక ముందు ఒక సివిలు వకీలును అడిగితే అయ్యే ఖర్చు, తరువాత కోర్టుకు తిరిగే ఖర్చులో పదోవంతు కూడా ఉండదు.

ఆస్తి పిల్లలకు చేరవలసిందే. చేరే దారులు మూడు ఉన్నాయి.

మొదటిది వీలునామా. ఇది మన మరణం తరువాతనే అమలులోకి వస్తుంది. బ్రతికి ఉండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా, చేయించుకోవడం మేలు.

రెండవది, ఆస్తిని ఇప్పుడే వ్రాసి ఇస్తూ, మనం బ్రతికి ఉన్నంతకాలం అనుభవ హక్కు మన వద్దనే ఉంచుకోవడం.

మూడవది, పూర్తిగా వ్రాసి ఇస్తూ, తిండి, బట్ట, వసతి, వైద్యం చూడవలెనన్న షరతును దస్తావేజులోనే చేర్చడం. దీనికి 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం బలమిస్తున్నది. 60 ఏండ్లు నిండినవారు, ఈ చట్టం వచ్చిన తరువాత, అటువంటి షరతుతో ఆస్తి ఇచ్చి ఉంటే, తీసుకున్నవారు మాట తప్పినప్పుడు ఆ బదిలీని రద్దు చేయమని కోరవచ్చు. ఇది 23వ సెక్షను. షరతు లేనిచోట ఈ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, కొడుకు పోషిస్తానని విడిగా వ్రాసి ఇచ్చిన కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకొని, గిఫ్టు దస్తావేజు రద్దును సమర్థించింది. ఆ ఒక్క షరతు ఎంత విలువైనదో గమనించగలరు.

ఇప్పటికే షరతు లేకుండా వ్రాసి ఇచ్చినవారు నిరాశ పడనవసరం లేదు. తమ సంపాదనతో గాని, ఆస్తితో గాని బ్రతకలేని తల్లిదండ్రులను పోషించడం పిల్లల బాధ్యత అని ఇదే చట్టం చెబుతున్నది. ఆర్.డి.ఓ. గారి అధ్యక్షతన గల ట్రిబ్యునలుకు తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. వకీలు లేకుండానే పెట్టవచ్చు. పిల్లలకు నోటీసు అందిన నాటి నుండి 90 రోజులలో తేల్చాలి. ప్రత్యేక కారణాలుంటే మరో 30 రోజులు పొడిగించవచ్చు. చట్టం ప్రకారం పోషణ భత్యం నెలకు 10,000 రూపాయలు మించరాదు. తీర్పు నచ్చని తల్లిదండ్రులు 60 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు.

వైద్యం ఖర్చు మరొక భయం. 70 ఏండ్లు నిండినవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ పథకం క్రింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స కల్పిస్తూ 2024 అక్టోబరులో కేంద్రం ఏర్పాటు చేసింది. అయితే ఇంట్లో మంచం పట్టినవారికి చేసే సేవకు, రోజువారీ మందులకు ఇది చాలదు. దానికి మన చేతిలో కొంత రొక్కం ఉండాలి. కావున పాలు పోసే సభ్యురాలి బిల్లు ఆమె సొంత ఖాతాకే చేరాలి. ఒక గేదె అయినా ఆమె పేరనే ఉండాలి.

వకీలు ఫీజు ఇచ్చుకోలేమని వెనుకాడవద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయం చూడకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. తక్కువ ఆదాయం గల ఇతరులకూ ఇస్తుంది. ఫోను 15100. వృద్ధుల సహాయానికి 14567.

పాలకవర్గానికి మాదొక విన్నపం. పశువైద్య శిబిరం పెట్టినట్లే, ఏడాదికి ఒకసారి న్యాయసేవాధికార సంస్థ వారిని పిలిపించి సంఘం ఆవరణలో ఒక పూట సలహా ఇప్పించండి. ఈ సమావేశంలోనే తీర్మానం చేయవచ్చు.

ఆ పెద్దావిడ దరఖాస్తు మేము వ్రాసి పెట్టాము. అది ఆర్.డి.ఓ. కార్యాలయంలో విచారణలో ఉన్నది. భత్యం వస్తుందని మా ఆశ. భూమి తిరిగి వస్తుందని మాత్రం ఆమెకు మాట ఇవ్వలేకపోయాము. మీలో ఎవరికీ అటువంటి దరఖాస్తు వ్రాసి పెట్టే అవసరం మాకు రాకూడదని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.