పాస్‌పోర్టు ఫోటో, స్టూడియో ఫోటో

(బోయినపల్లి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మీ ఇండ్లల్ల గోడకు వేలాడుతున్న ఫోటోల గురించి మాట్లాడుత. నవ్వకుండ్రి, ఇది కూడ ఉద్యమం మాటే.

1970ల నుంచి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలు గల్ఫు బాట పట్టినయి. భూమిలేని మన వాడలోళ్లు అప్పుజేసి దుబాయి, మస్కటు పోయిన్రు. పోయేటోనికి మొదలు కావల్సింది పాస్‌పోర్టు ఫోటో. ఏజెంటుకియ్యాలె, ఆఫీసుకియ్యాలె, కంపెనీకియ్యాలె. అందులో మనిషి లేడు, కూలి ఉన్నడు.

ఇది కొత్త కాదు. 19వ శతాబ్దంలో మారిషస్ చెరకు తోటలకు పోయిన తెలుగు కూలీలను, ఎక్కిన రేవు పేరుమీద, అక్కడ 'కోరంగీలు' అన్నరు. 1860ల నుంచి తెల్ల సర్కారు కూలీలకు ఫోటోలు తీయించింది. ఎందుకు? పారిపోతే పట్టుకోవడానికి! ఒప్పందం తీరినోడు కూడ ఫోటో అంటించిన టికెట్టు దగ్గర పెట్టుకొని తిరగాలె.

ఇప్పుడు రెండో ఫోటో చూడుండ్రి. సెలవుమీద వచ్చినోడు స్టూడియోల దిగింది. ఫారిన్ చొక్కా, గడియారం, నల్లద్దాలు, బూట్లు, పక్కన టేప్‌రికార్డరు. 'సోకు' అని ఎక్కిరించిన్రు. ఎవరు ఎక్కిరించిన్రు? గడి ముందు నుంచి పోవాలంటే మన తాత చెప్పులు చేతబట్టి, తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నడు. ఆయన మనుమడు బూట్లతోటి కుర్చీల కూసున్నడు. అదీ వాళ్ల కడుపుమంట. అంబేద్కర్ సూటు వేసుకున్నది ఊరికేనా?

అట్లని ఆ ఫోటో చెప్పేదంతా నిజమనను. కంపెనీ ఇచ్చిన కవరాల్, దానిమీది ఉప్పు చారలు అందులో కనబడయి. పక్కన ఇల్లాలు దుబాయి చీర కట్టుకొని నిలబడ్డది. బీడీలు చుట్టి అప్పుకు మిత్తి కట్టింది ఆమెనే. ఆ చాట, తునికాకు ఫోటోకు ఎక్కలే.

ఊరి రికార్డులల్ల మన గురించి రాసింది కులం, అప్పు. అందుకే చెద పట్టకముందే ఫోటోలు దించుండ్రి. వెనుక పెన్సిలుతోటి పేరు, సంవత్సరం, దేశం, చేసిన పని రాయుండ్రి. పెట్టె అడుగున పాత కవరాల్ ఉంటే పారేయకుండ్రి. ఫోటోల చొక్కా అరువుదైతే, ఎవరి దగ్గర అడుక్కొచ్చిందో అది కూడ రాయుండ్రి.