బేతాళ కథలు: క్రొత్తవారెక్కడ మొదలుపెట్టవలెను?

గత వేసవిలో మా మనుమడు హైదరాబాదు నుండి భద్రాచలమునకు వచ్చెను. ఒకనాటి సాయంకాలము వాడును, వాని స్నేహితులిద్దరును మా యింటి అరుగుమీద కూర్చుండి గట్టిగా వాదించుకొనుచుండిరి. జపానులో 1996వ సంవత్సరమున పుట్టి, క్రొత్త క్రొత్త భాగములతో పెరుగుచు వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్' అను కంప్యూటరు ఆటల పరంపర యొకటి కలదు. కొందరు అడవిలో తరుమబడి నిర్మానుష్యమైన యొక పెద్ద భవనములో దూరుదురు. చేతిలో తూటాలు కొద్ది, తలుపులు మూసియుండును, చచ్చినవారు లేచి తిరుగుచుందురు. అందుండి ప్రాణములతో బయటపడుటయే ఆట. క్రొత్తగా ఆడువాడు ఏ భాగముతో మొదలుపెట్టవలెనన్నది వారి వాదము. మొదటిదానితోనే యని యొకడు. 2019లో పునర్నిర్మించిన రెండవ భాగముతోనని మరియొకడు. 2017 నాటి యేడవ భాగము క్రొత్త మనుష్యుల కథతో నడచును గనుక వెనుకటివి తెలియకున్నను ఇబ్బంది లేదని మావాడు.

ఆ ఆట పెద్దవారి కొరకు చేసినది. నేను దానిని ఆడియెరుగను. కాని ఆ ప్రశ్న మాత్రము నాకు పాతదే.

మన భాషలోను అట్టి పరంపర యొకటి యున్నది. కృష్ణ చతుర్దశి రాత్రి ఒక మనుష్యుడు కత్తి చేతబట్టి ఒంటరిగా శ్మశానమున ప్రవేశించును. చెట్టున వ్రేలాడు శవమును దించి భుజమున వేసుకొని నడవవలెను, నోరు విప్పరాదు. శవములోని బేతాళుడు దారి పొడుగున ఒక కథ చెప్పి, చివర చిక్కు ప్రశ్న వేయును. సమాధానము తెలిసియు చెప్పకున్న తల పగులును; చెప్పినచో మౌనభంగమై శవము మరల చెట్టెక్కును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అయినను ఆ మనుష్యుడు వెనుదిరిగి యింటికి పోడు. మరల చెట్టు వద్దకే పోవును. పట్టువదలని విక్రమార్కుడన్న మాట మన యిండ్లలో సామెతయైనది అందువలననే.

చిన్నపిల్లలకు ఈ కథలు ఎక్కడ మొదలుపెట్టవలెనని నన్నడిగిన తల్లిదండ్రులు పలువురు. ఒకప్పుడీ ప్రశ్న లేదు. నెలనెలా చందమామ వచ్చెడిది. ఆ నెల కథతోనే పిల్లవాడు మొదలుపెట్టెడివాడు. నేడు ఆ పత్రిక లేదు. కనుక ప్రారంభమును చూపవలసిన భారము పెద్దలపై పడినది.

ఈ కథల పుట్టుక కొంచెము తెలిసినచో దారి సులువగును. గుణాఢ్యుడు పైశాచీ భాషలో బృహత్కథను రచించెననియు, రాజు దానిని నిరాకరింపగా అడవిలో కూర్చుండి మృగములకును పక్షులకును చదివి వినిపించుచు ఒక్కొక్క పత్రమునే అగ్నిలో వేసెననియు ఐతిహ్యము. ఆ మూలగ్రంథము మనకు దక్కలేదు. 11వ శతాబ్దమున కాశ్మీరమునందు క్షేమేంద్రుడు బృహత్కథామంజరి యను పేరను, సోమదేవుడు కథాసరిత్సాగరమను పేరను దానిని సంస్కృతమున సంగ్రహించిరి. ఆ రెంట బేతాళుని కథలు 25 ఉన్నవి. సోమదేవుని కథలో రాజు పేరు త్రివిక్రమసేనుడు. జనుల నోట అతడే విక్రమార్కుడయ్యెను. అతని నగరము గోదావరీతీరమందలి ప్రతిష్ఠానము. నేటి మహారాష్ట్రములోని పైఠాన్. ఆ యూరిని దాటి వచ్చిన నీరే మన భద్రాద్రి పాదములకడ ప్రవహించుచున్నది. శవము వ్రేలాడినది శింశుపా వృక్షమున; ఆ మాటకు ఇరుగుడు చెట్టని మనవారి యర్థము. కావున ఈ కథ మనకు దూరదేశపుది కాదు. మన యేటి యొడ్డుదే.

ఒక పొరపాటును ఇచ్చటనే తొలగించుకొనవలెను. సింహాసనపు మెట్లపై 32 బొమ్మలు చెప్పు కథలు వేరు. బేతాళుని 25 కథలు వేరు. ఆ బొమ్మల కథలను 15వ శతాబ్దమున కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికగా తెనుగు చేసెను. రెంటను విక్రమార్కుడే నాయకుడగుటచే క్రొత్తవారు ఒకదానిని చేతబట్టి రెండవదాని కొరకు వెదకుచుందురు.

ఇక చందమామ మాట. 1947 జూలైలో మద్రాసు నుండి నాగిరెడ్డి, చక్రపాణి ఆ పత్రికను ప్రారంభించిరి. 1952 నుండి 1980లో మరణించువరకు కొడవటిగంటి కుటుంబరావు దానికి వెన్నెముకయై పనిచేసెను. ప్రాచీనమైన 25 కథలు అయిపోయిన తరువాత కూడ ఆ శీర్షిక ఆగలేదు. అదే శ్మశానము, అదే శవము, అదే శాపము. లోపలి కథ మాత్రము క్రొత్తది. ఇట్లు దశాబ్దముల తరబడి సాగెను. భుజముపై శవము, చేత కత్తితో నడచు రాజును మన కన్నులకు కట్టించినవాడు చిత్రకారుడు శంకర్. ఆయన 2020లో తన 97వ యేట కన్నుమూసెను. 1985లో రామానంద సాగర్ ఈ కథలను దూరదర్శనమున హిందీలో చూపెను. అందులో విక్రముడైన అరుణ్ గోవిల్ పిమ్మట రాముడై యింటింట పూజలందుకొనెను.

కాబట్టి క్రొత్తవానికి మూడు ద్వారములున్నవి. సోమదేవుని వరుసలో మొదటి కథ, చందమామలో చేతికి దొరికిన కథ, తెరమీది కథ. ఏది తెరచినను ఒకటే యని నేనును చాలకాలము తలచితిని. అది తప్పని తెలిసిన విధము మనవి చేసెదను.

నేను మన్యమునందలి యొక ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుడనై యుండగా, ఒకనాటి వానరాత్రి కరెంటు పోయెను. కోయగూడెముల పిల్లలు లాంతరు చుట్టును చేరిరి. కథ చెప్పుమనిరి. నాకు తోచినది తలలు తారుమారైన కథ. అమ్మవారి గుడిలో భర్తయు, ఆమె అన్నయు తలలు నరికికొందురు. దేవి కరుణింపగా ఆ యిల్లాలు తొందరలో ఒకరి మొండెమున కొకరి తలను అతికించును. ఇపుడామెకు భర్త యెవడు? జర్మను రచయిత తామస్ మాన్ 1940లో దీనినే నవలికగా మలచెను. గిరీశ్ కర్నాడ్ 'హయవదన' నాటకమునకును ఇదే బీజము. పెద్దలకది గొప్ప కథ. దేహమునకు ప్రధానము శిరస్సు గనుక భర్త తల యున్నవాడే భర్త యని రాజు చెప్పిన తీర్పును నేను సంతోషముగా వినిపించితిని. పిల్లలు తీర్పు వినలేదు. వారు విన్నది నరికిన తలలను మాత్రమే.

మరునాడు తెల్లవారుజామున ఒక బాలుడు ఒంటరిగా బయటకు కదలనని గోడకు అంటుకొని నిలిచెను. నేను కొంచెము మందలించితిని. "ఇప్పపూల కాలంలో ఎలుగుబంట్లు తిరిగే తోవన చీకటితోనే మీ అమ్మ వెంట పోతావు గదా, ఇక్కడ భయమేమిటి?" అంటిని.

"ఎలుగ్గొడ్డు కనబడుతుంది సారూ. మా ఊళ్ళో ముసలమ్మలో ఉన్నది కనబడదు" అని వాడు చెప్పెను.

మెల్లగా అడుగగా సంగతి తెలిసెను. వాని గ్రామమున ఇద్దరు పసివాండ్రు జ్వరముతో పోయిరి. ఎక్కడినుండియో ఒక మంత్రగాడు వచ్చి, మేకలును కోళ్లును పుచ్చుకొని, చేతబడి చేయుచున్నదని యొక వృద్ధ వితంతువును చూపెను. నాటినుండి ఆమెను బావి దరికి రానిచ్చుటలేదు. నా కథ విన్న బాలునికి శవములోని బేతాళుడును, ఆ ముసలమ్మయు ఒక్కటై తోచిరి.

నేను చేసిన తప్పు అపుడు తెలిసెను. నేను నడుమ ద్వారమున వానిని శ్మశానములోనికి నెట్టితిని. రాజు అక్కడికి ఎందుకు పోయెనో చెప్పలేదు. ఎట్లు బయటపడెనో చెప్పలేదు.

ఆ రాత్రి మొదటినుండి ప్రారంభించితిని. క్షాంతిశీలుడను భిక్షువు దినదినము రాజసభకు వచ్చి యొక పండు సమర్పించును. రాజు దానిని కోశాధికారికిచ్చును. అతడు గదిలో పడవేయును. ఒకనాడు కోతి యొకటి పండును కొరుకగా లోపలినుండి రత్నము రాలును. గది తెరచి చూచిన పండ్లన్నియు కుళ్లి, రత్నములు మాత్రము మిగిలియుండును. ఇన్ని రత్నములు ఎందుకిచ్చితివని రాజడుగగా, ఒక మంత్రసాధనకు వీరుని సహాయము కావలెనని భిక్షువు చెప్పును. ఆ మాటపై రాజు శ్మశానమునకు పోవును. పిల్లలు ఆ రాత్రి భయపడలేదు. "ఆ పండు ఎందుకు తెచ్చినట్టు?" అని మాత్రము మరల మరల అడిగిరి.

రెండవ రాత్రి సింహము కథ. నలుగురన్నదమ్ములు తమ విద్యలను పరీక్షింపగోరి అడవిలో దొరికిన యెముకకు ఒకడు మాంసమును, ఒకడు చర్మమును రోమములను, ఒకడు మిగిలిన యవయవములను కల్పింతురు. నాలుగవవాడు ప్రాణము పోయును. అది సింహమై నలుగురిని చంపును. పాపమెవరిది? ముందటి మువ్వురు అదేమి జంతువగునో యెరుగరు. కన్నుల యెదుట సింహాకారమును చూచియు ప్రాణము పోసినవానిదే పాపము. అడవి పిల్లలకిది వెంటనే అర్థమయ్యెను. బాగుగ నవ్విరి కూడ. పంచతంత్రములోని కథలో ఒకడు చెట్టెక్కి బ్రతుకును. బేతాళుడు ఎవరిని బ్రతుకనీయడు. మూడవ రాత్రి మందారవతి కథ. చనిపోయిన కన్యకై ఆమెతో కాలినవాడొకడు, అస్థులను గంగకు మోసినవాడొకడు, బూడిదపై పడుకొని మంత్రము నేర్చి వచ్చినవాని కొరకు కాచుకొన్నవాడొకడు. అందరు ప్రేమించినవారే, తీర్పు సులభము కాదు. నాలుగవ రాత్రి రాజు కొరకు కుమారుని బలియిచ్చిన వీరవరుని కథ. సేవకుని త్యాగము గొప్పదే. కాని వాని కొరకు తన ప్రాణమునే యీయబూనిన శూద్రక మహారాజు మరింత గొప్పవాడని తీర్పు.

ఐదవ రాత్రి ముగింపు చెప్పితిని. తండ్రియు కొడుకును తల్లీకూతుండ్రను వరుస తప్పి పెండ్లాడిరి. వారి బిడ్డలు ఒకరికొకరు ఏమగుదురు? రాజునకు తెలియలేదు. తెలియదు గనుక తల పగులదు. తెలియనిదానికి మౌనముతో నడచిపోయెను. అపుడు బేతాళుడు సంతోషించి రహస్యము చెప్పెను. ఆ భిక్షువు రాజునే బలియీయదలచియున్నాడు. సాష్టాంగపడుమన్నపుడు, ఎట్లో నీవు చేసి చూపుమని అడుగుము. రాజు అట్లే చేసి, వంగిన భిక్షువు తల నరికెను.

ఇది విన్నపిమ్మట గదిలో కొంతసేపు సడి లేదు. ఇన్నాళ్లు మనము భయపడిన శవమే రాజును కాపాడెను. ప్రాణము తీయవచ్చినవాడు కాషాయము కట్టి, పండు చేతబట్టి, పగటివేళ సభకు వచ్చినవాడు.

ఆ బాలుడు చివర ఇట్లనెను: "మా ఊరికి పండు తెచ్చినవాడు ఎవడో నాకు తెలిసింది సారూ."

తరువాతి ఆదివారము నేనా గ్రామమునకు పోయి పెద్దలతో మాటాడితిని. వృద్ధురాలు అప్పటికే యేరు దాటి కూతురింటికి వెడలిపోయియుండెను. గుడిసె వాకిట అడ్డముగా తాటిమట్ట కట్టియుండెను. పిల్లలు పోయినది జ్వరముచేతనని ఎరిగినవారు అక్కడ పలువురుండిరి. తెలిసియు ఎవరును పలుకలేదు. వారిలో ఒకని తలయు పగులలేదు. అట్టి శాపము కథలోనే యుండుట మన దురదృష్టము. చేతబడి నెపమున దెబ్బలును హత్యలును జరిగిన వార్తలు మన ప్రాంతమునుండి నేటికిని వినవచ్చుచున్నవి. కనుకనే పిల్లలకు ఈ కథలు ఎక్కడ మొదలుపెట్టి చెప్పెదమన్నది కాలక్షేపపు ప్రశ్న కాదని నా మనవి.

కావున నా సలహా యిది. మొట్టమొదట పండు తెచ్చిన భిక్షువు కథ చెప్పుడు. పిమ్మట సింహము, మందారవతి, వీరవరుడు. సోమదేవుని వరుసలో మొదటిదైన పద్మావతి కథ ప్రణయమును కపటమును కలిసినది. దానిని, తలలు మారిన కథను, పిల్లలు పెద్దవారైన పిమ్మట వారే చదువుకొందురు. ముగింపును మాత్రము దాచిపెట్టకుడు. ముగింపు వినని పిల్లవాడు ఇంకను శ్మశానములోనే యుండును. ఇంత అయిన తరువాత చందమామ పాత సంచికలు ఏవి దొరికినను సరే, ఏ నెల కథతోనైనను సాగవచ్చును. అవి దేనికది సంపూర్ణములు. ప్రశ్న వచ్చినచోట పుస్తకము మూయుడు. పిల్లవాడు తన తీర్పు చెప్పినపిమ్మటనే రాజు తీర్పు చదువుడు. రెండును కలియకపోయినను తప్పు లేదు.

అరుగుమీది వాదము ఆనాడు తేలలేదు. చీకటిపడిన పిమ్మట మా మనుమడు లోపలికి వచ్చి, "తాతయ్యా, నీకు తెలిసిన భయం కథ ఒకటి చెప్పు, మొదటినుంచీ చెప్పాలి" అనెను. గోదావరి యొడ్డున ఒక రాజు సభలో ఒక భిక్షువు పండు తెచ్చియిచ్చెనని మొదలుపెట్టితిని.