రేడియో చిన్నదైతే మేలేనా?



ఒకప్పుడు రేడియో అంటే పెద్ద పెట్టె. బల్ల మీద పెట్టాల్సిందే. లోపల గాజు బల్బుల్లాంటి వాల్వులు ఉండేవి. అవి వేడెక్కితే గానీ పాట రాదు. అంత పెట్టెను పడవలో ఎవరు పెట్టుకుంటారు?

1947లో అమెరికాలో ట్రాన్సిస్టర్ కనిపెట్టారు. వాల్వు చేసే పనే అదీ చేస్తుంది. కానీ శనగ గింజంత ఉంటుంది. కరెంటు కొంచెం చాలు. అందుకే రేడియో చేతిలోకి వచ్చింది. దానికీ ట్రాన్సిస్టర్ అనే పేరు పడింది.

మన నెల్లూరు తీరాన ఇది చిన్న సంగతి కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర పెద్ద తుపాను తీరం దాటింది. నడిసముద్రంలో మనిషికి మబ్బు కనపడుతుంది, గాలి తెలుస్తుంది. తుపాను ఎటు పోతుందో ఎట్ట తెలుస్తుంది? రేడియో చెప్పాల. ఒడ్డున ఆడమనిషికి తెలిసినా, ఆమె కేక పడవ దాకా పోదు గదా! ఇప్పుడు సెల్‌ఫోన్లు వచ్చాయి. దూరం పోతే వాటికి సిగ్నల్ అందదు. పడవ మాటకొస్తే చిన్న రేడియోనే మేలు.

మరి చెడు లేదా? ఉంది. పాత రేడియోలో తెగిన తీగ కంటికి కనపడేది. మెకానిక్కు అతికేవాడు. ఇప్పటి చిన్న వస్తువులు ఉప్పుగాలికి పాడైతే చాలావరకు పారేయడమే.

అసలు భయం ఇంకొకటి. కొన్ని వాచీల్లో, ఆటబొమ్మల్లో చొక్కా గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. పసిబిడ్డ మింగితే గొంతులో ఇరుక్కోవచ్చు. రెండు గంటల్లోనే లోపలి కండ కాలిపోతుంది. బయటికి దగ్గు, చొంగ తప్ప ఏమీ కనపడకపోవచ్చు. వాంతి చేయించకండి. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. ఆ బొమ్మనూ తీసుకుపోండి. ఏ బ్యాటరీయో డాక్టరుకు తెలుస్తుంది.