వేరు ఆరనివ్వండి

(శ్రీరామనవమి తర్వాతి శనివారం, ఆలయం హాలులో సభ్య కుటుంబాలకు ఆర్కిడ్ మొక్కలు పంచినప్పుడు చేసిన ప్రసంగం)



కల్యాణ వేదిక అలంకరణకు తెచ్చిన ఆర్కిడ్ కుండీలు, పూలు రాలిపోగానే మామూలుగా చెత్తలోకి పోతుంటాయి. ఈసారి వాటిని పారేయకుండా, పాత నాచు తీసేసి, కుళ్ళిన వేర్లు కత్తిరించి, శుభ్రంగా కడిగి మీకు ఇస్తున్నాం. దుకాణంలో ఈ మొక్కల్ని నాచులో గట్టిగా కూరి అమ్ముతారు. పైన ఎండినట్టు కనిపించినా నడిమధ్య తడి అలాగే ఉండిపోయి వేర్లు కుళ్ళుతాయి. అందుకే పాత కుండీలోనే ఉంచమని చెప్పలేకపోయాం. కొత్త కుండీలు, బెరడు ముక్కలు రావడానికి రెండు వారాలు పడుతుంది. అంతవరకు ఇలా ఒట్టి వేర్లతో బతుకుతుందా అని ఇందాకటి నుంచి చాలామంది అడుగుతున్నారు. బతుకుతుంది. ఎందుకో చెప్తాను.

మన ఊళ్ళలో చెట్టుకొమ్మ మీద మొలిచే మొక్కను బదనిక అంటాం. సంస్కృతంలో వందా అంటారు. వాండా అనే ఆర్కిడ్ జాతికి ఆ పేరు ఆ మాట నుంచే వచ్చింది. మన తూర్పు కనుమల్లో చెట్ల మీద అవి కనిపిస్తాయి. కొన్ని బదనికలు చెట్టు రసం పీల్చి బతుకుతాయి. ఆర్కిడ్ అలా కాదు, కొమ్మను పట్టుకుని ఉంటుందంతే. వాన పడితే దాని వేరు తడుస్తుంది, గాలి వీస్తే ఆరుతుంది. మీ చేతిలో ఉన్న ఫెలనాప్సిస్‌ది కూడా అదే బతుకు. దాని వేరు చుట్టూ స్పాంజిలాంటి పొర ఉంటుంది. తడిస్తే పచ్చగా మారుతుంది, ఆరితే వెండి రంగుకు వస్తుంది. ఈ రెండు రంగులు గుర్తుంటే చాలు.

ఇవాళ నీళ్ళు పెట్టకండి, కత్తిరించిన చోట గాయం ఆరాలి. రేపు ఉదయం నుంచి వేర్లు మాత్రమే మునిగేలా గోరువెచ్చని నీళ్ళలో 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. తర్వాత తీసి, నీరు కారిపోయేలా చిల్లుల గిన్నెలోనో ఖాళీ గాజు సీసాలోనో నిలబెట్టండి. ఆకుల మధ్య మొవ్వులో నీరు నిలిస్తే పేపర్ టవల్‌తో అద్దేయండి. మొవ్వు కుళ్ళితే మొక్కను కాపాడటం చాలా కష్టం. సాయంత్రానికి వేర్లు వెండి రంగుకు రావాలి. మర్నాడు ఉదయానికి కూడా పచ్చగానే ఉంటే ఆ పూట ముంచకండి. రెండు మూడు మొక్కలు తీసుకున్నవాళ్ళు అన్నింటినీ ఒకే నీళ్ళలో ముంచొద్దు, ఒకదాని తెగులు ఇంకోదానికి అంటుతుంది. ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్ళు వద్దు, వాటిలో ఉప్పు ఉంటుంది. వాన నీళ్ళు గానీ డిస్టిల్డ్ నీళ్ళు గానీ వాడండి.

వెలుతురు బాగా ఉండి, ఎండ సూటిగా పడని చోట పెట్టండి. హీటర్ వెంట్ దగ్గర పెడితే ఒక్క రోజులోనే వేర్లు ఎండిపోతాయి. రాత్రుళ్ళు ఇంకా చలిగానే ఉన్నాయి కాబట్టి డెక్ మీద కూడా వద్దు. తడి మొక్కను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టకండి, బూజు పడుతుంది. ఎరువు ఇప్పుడు అక్కర్లేదు. వేర్లకు దాల్చినచెక్క పొడి అద్దమని ఎవరైనా చెప్తే వినకండి, అది వేరును ఎండబెడుతుంది.

అడుగున ఒక్క ఆకు పసుపుపచ్చగా మారితే కంగారు పడకండి. వేరును మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మంచిదే. పై పొర తొడుగులా ఊడి లోపల దారం మిగిలితే అది కుళ్ళిన వేరు. రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచిన కత్తెరతో దాన్ని తీసేయండి. మొక్క నీరసంగా ఉంటే పూలకాడ కూడా కత్తిరించేయండి. ఉన్న శక్తి వేర్లకు పోనివ్వండి.

వారాంతం ఊరెళ్ళాల్సి వస్తే రెండు రోజులు నీళ్ళు లేకపోయినా ఏమీ కాదు. వెళ్తూ వెళ్తూ నీళ్ళ గిన్నెలో మాత్రం పెట్టి వెళ్ళకండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మగారో మామగారో పొద్దునా సాయంత్రం మొక్కలకు నీళ్ళు పోసే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. ఆ చేతుల చలవతోనే మన తులసికోటలు పచ్చగా ఉన్నాయి. కానీ ఈ మొక్క పక్కన "వెండి రంగు వస్తేనే నీళ్ళు" అని ఒక చీటీ పెట్టండి. రంగు చూసి చెప్పే పని పిల్లలకు అప్పగించండి. వాళ్ళు మనకంటే కచ్చితంగా చూస్తారు.

రెండు వారాల తర్వాత శనివారం మొక్కతో రండి. బెరడు ముందురోజే నానబెట్టి ఉంచుతాం. వేర్లకు సరిపడేంత చిన్న కుండీలో నాటుకుందాం. శరదృతువులో రాత్రులు చల్లబడ్డాక ఫెలనాప్సిస్ కొత్త పూలకాడ వేస్తుంది. బాగా కోలుకున్న మొక్కలు వచ్చే కల్యాణానికి పూలతో ఈ వేదిక మీదికే రావచ్చు. ఈసారి అవి మన ఇళ్ళలో పెరిగిన మొక్కలవుతాయి.