ఒహతా మడమ
ఉద్యోగం గురించి చెప్పమన్నారు. నేను రగ్బీ గురించి చెబుతాను.

మైదానం అంచున పరుగెత్తేవాడు వింగర్. బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే అది ట్రై. జపాన్ వింగర్ దైసుకే ఒహతా 58 టెస్టుల్లో 69 ట్రైలు చేశాడు. 2006లో ఆస్ట్రేలియా ఆటగాడు కాంపీసీ రికార్డు 64ను దాటేశాడు. చిన్న జట్ల మీద చేసినవేగా అని పెదవి విరిచేవాళ్లున్నారు. ఎదురొచ్చిన జట్టుతోనే కదండీ ఆడేది!

2007 జనవరిలో ఒక మడమ నరం తెగింది. కోలుకుని ప్రపంచకప్ జట్టులోకొచ్చాడు. ఆగస్టులో రెండో కాలిది తెగింది. జట్టు అతను లేకుండానే వెళ్లింది.

నన్ను ఓ ప్రాజెక్టు చివర్లో తప్పిస్తే రెండు నెలలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఒహతా మాత్రం 2011 దాకా కోబెలో తన కంపెనీ జట్టుకు ఆడుతూనే ఉన్నాడు.