పడవ అడుగున ఒక చెవి
(ప్రసంగ పాఠం)



పూరీ తీరాన పెంటకటాలో తరతరాలుగా స్థిరపడిన ఒక తెలుగు జాలరి కుటుంబాన్ని ఊహించుకుందాం. కొడుకు పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. తొలి జీతాల్లో మిగిల్చిన సొమ్ముతో తండ్రి ఫైబరు పడవకు ఫిష్ ఫైండర్ కొని పంపాడు. పెట్టెలో రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి రంగుల తెర. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరారు. రెండవది అరచేతిలో ఇమిడే నల్లని ముద్ద, దానికి తోకవలె పొడవైన కేబులు. దాని పేరు ట్రాన్స్‌డ్యూసర్. దానిని ఎవరూ పట్టించుకోలేదు. ఆ రాత్రి తండ్రి ఫోను చేశాడు.

"ఒరేయ్, ఈ తోక ముక్క ఎక్కడ పెట్టాలిరా?"

"పడవ అడుగున రంధ్రం చేసి దించాలట నాన్నా."

"పడవకు బొక్క పెట్టమంటావా? నీకేమైనా మతి పోయిందా?"

తండ్రి కోపంలో న్యాయముంది. అయితే ఆ నల్లని ముద్దను సరైన చోట ఉంచకపోతే తెర ఎంత ఖరీదైనదైనా వ్యర్థమే. చూసేది తెర కాదు, వినేది ట్రాన్స్‌డ్యూసర్. అది నీటిలోకి శబ్దాన్ని పంపి, అడుగును తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనిని వింటుంది. సముద్రజలంలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పయనిస్తుంది. కనుక 30 మీటర్ల లోతుకు పోయి రావడానికి సెకనులో ఇరవై అయిదవ వంతు కాలం చాలు. ఈ స్వల్ప వ్యవధిని కొలిచి యంత్రం లోతు చెబుతుంది. 1948లో జపానులోని నాగసాకిలో ఫురునో సోదరులు చేపల జాడ తీసే యంత్రాన్ని వాడుకలోకి తెచ్చిన నాటి నుండి మూలసూత్రం ఇదే.

ఈ శబ్దానికి పరమశత్రువు గాలి. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం ముందు బుడగల పొర పడితే శబ్దం అక్కడే చెదిరిపోతుంది. తెర మీద లోతు మాయమవుతుంది, లేదా తప్పుడు అంకె నిలిచిపోతుంది. చీకటిలో ఇసుకమేట దాటి ఒడ్డుకు చేరవలసిన వేళ ఆ తప్పుడు అంకెను నమ్మితే పడవ కెరటాల మధ్య ఇసుకలో కూరుకుంటుంది. స్థాననిర్ణయంలో చెప్పవలసిన మాటలన్నీ దాదాపు ఈ బుడగల చుట్టూ తిరిగేవే.

ముందుగా ఎంపిక. సాధారణంగా దొరికే పౌనఃపున్యాలు 200, 50 కిలోహెర్ట్జ్‌లు. 200 స్పష్టంగా చూపుతుంది, కాని లోతుకు పోలేదు. 50 లోతుకు పోతుంది, వివరం తగ్గుతుంది. తీరానికి దగ్గరగా వలవేసే చిన్న పడవకు 200 చాలు. శబ్దం శంఖువు ఆకారంలో విస్తరిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. 20 డిగ్రీల శంఖువు 30 మీటర్ల లోతున సుమారు పదిన్నర మీటర్ల వెడల్పు మేర చూస్తుంది. కాబట్టి తెర మీద చేప కనిపించినంత మాత్రాన అది సరిగ్గా పడవ కిందనే ఉన్నదని కాదు. అంగడిలో చెప్పే వాట్ల సంఖ్య విషయంలోనూ జాగ్రత్త అవసరం. శిఖరం నుండి శిఖరానికి కొలిచిన 4000 వాట్లు, నికరంగా లెక్కించే ఆర్‌ఎంఎస్ కొలతలో 500 మాత్రమే. పెద్ద అంకె చూసి మోసపోయేవారు తక్కువేమీ కాదు.

ఇక స్థానం. రేవులో నీటి మీదనే నిలిచే పెద్ద మరపడవలకు అడుగున రంధ్రం చేసి బిగించే పద్ధతి ఉత్తమం. చెక్క పడవకు కంచు తొడుగు ఉన్నదే వాడాలి. తడిసిన చెక్క ఉబ్బి ప్లాస్టిక్ తొడుగును పగలగొడుతుంది, అప్పుడు ఆ రంధ్రం గుండా సముద్రమే లోపలికి వస్తుంది. అల్యూమినియం పడవకు కంచు పనికిరాదు, లోహాన్ని తినివేస్తుంది.

పెంటకటా పడవ సంగతి వేరు. అది ప్రతిరోజూ కెరటాలను చీల్చుకుని వెళ్లి, తిరిగి ఇసుక మీదికి ఈడ్చబడుతుంది. అడుగున పొడుచుకుని ఉన్నది ఏదైనా ఒక వారంలో ఊడిపోతుంది. వెనుక పలకకు బిగిస్తే కొంత మేలు. అయితే తగిలినప్పుడు పైకి లేచే మడత బిగింపు ఉండాలి. ప్రొపెల్లర్‌కు సుమారు 40 సెంటీమీటర్ల దూరం పాటించాలి. వెనుక నుండి చూస్తే గడియారపు ముల్లు దిశలో తిరిగే ప్రొపెల్లర్ అయితే కుడివైపు బిగించాలి. అక్కడ రెక్కలు కిందికి దిగుతాయి, బుడగలు తక్కువ.

ఆ తండ్రికి అన్నిటికంటే అనువైనది పడవ లోపలే అతికించే పద్ధతి. శబ్దం గట్టి ఫైబరు గుండా చొచ్చుకుపోతుంది. రంధ్రమూ లేదు, ఈడ్పు భయమూ లేదు. అయితే అతికించే చోట ఫైబరు ఒకే గట్టి పొరగా ఉండాలి. మధ్యలో ఫోమ్ గాని ప్లైవుడ్ గాని ఉంటే శబ్దం ఆగిపోతుంది. మునగకుండా ఫోమ్ నింపిన గదుల పైన అతికించిన పరికరం ఏమీ వినదు. పడవ కట్టినవారిని అడగడమే మేలు. చెక్కకు, లోహానికి ఈ పద్ధతి సరిపడదు.

అతికించక ముందే పరీక్షించవచ్చు. పడవను నీటిలో నిలిపి, ట్రాన్స్‌డ్యూసర్‌ను పక్క నుండి నీటిలోకి దించి లోతు చూడాలి. తరువాత దానిని నీరు నింపిన పల్చని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, తడిపిన పడవ అడుగుకు లోపలి నుండి ఆనించాలి. రెండు అంకెలూ కలిస్తే ఆ చోటు మంచిది. కలవకపోతే జానెడు జరిపి మళ్లీ చూడాలి. ఈ పనికి ఒక పూట పోయినా నష్టం లేదు. చోటు కుదిరాక ఫైబరును గరుకు కాగితంతో రుద్ది, బుడగ చేరని ఎపాక్సీతో అతికించాలి. ఆ జిగురులో చిక్కిన ఒక్క బుడగ పైన చెప్పిన శ్రమనంతటినీ వృథా చేస్తుంది. ఈ పద్ధతిలో ప్రతిధ్వని కొంత బలహీనపడుతుంది, నీటి వేడిమి కొలత కూడా సరిగా రాదు. తీరపు వేటకు ఆ లోటు భరించదగినదే.

కేబులు పొడవెక్కువైతే కోయరాదు, చుట్టి కట్టాలి. ఇంజను తీగలకు దూరంగా నడపాలి.

తొలి ప్రయాణంలో యంత్రం అంకెను పాత సీసపు గుండు తాడుతో సరిచూడాలి. ఈ పని తండ్రిదే. బారలలో లోతు కొలవడం ఆయన చేతికి అలవాటు. బార సుమారు ఆరడుగులు. యంత్రం చెప్పేది ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నుండి అడుగు వరకు గల లోతు మాత్రమే. పడవలో అంతకంటే కిందికి దిగి ఉండే భాగం ప్రొపెల్లరే అయితే, ఆ తేడాను కొలిచి యంత్రపు అమరికలో తీసివేయాలి. నెమ్మదిగా నడిచేటప్పుడు ఒకసారి, పూర్తి వేగంలో ఒకసారి అంకెను గమనించాలి. వేగంలో అది చెదిరితే బుడగలు చేరుతున్నాయని అర్థం. అప్పుడు కొడుకుకు మరోసారి ఫోను చేయకుండానే చోటు మార్చుకోవచ్చు.