పాత కితాబులు చదివేవాళ్ళు కావాలి

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఫీజులు, వితంతువులకు రేషన్, రోగులకు మందులు. మన సొసైటీ పనులంటే మీ అందరికీ ముందు గుర్తొచ్చేవి ఇవే. నన్ను మాట్లాడమన్నది మాత్రం ప్రాచీన గ్రంథాల అధ్యయనం గురించి. "ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టాల్సిన డబ్బు పాత కితాబులకా?" అని మీలో కొందరికైనా అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్న. దాన్ని పక్కన పెట్టకుండానే నాలుగు మాటలు చెబుతాను.

తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌లో మూసా ఇబ్న్ షాకిర్ కొడుకులు ముగ్గురు ఉండేవారు. చరిత్రలో వారిని బనూ మూసా అంటారు. గణితం తెలిసినవారు, డబ్బున్నవారు. గ్రీకు గ్రంథాలను అరబీలోకి తెచ్చే పండితులకు వారు నెలకు సుమారు 500 దీనార్లు ఇచ్చేవారని ఇబ్న్ అన్‌నదీమ్ తన 'ఫిహ్రిస్త్'లో నమోదు చేశాడు. ఆ డబ్బు ఎవరి కడుపూ నేరుగా నింపలేదు. కానీ ఏం జరిగిందో చూడండి. అపొల్లోనియస్ అనే గ్రీకు పండితుడు శాంకవాల మీద ఎనిమిది భాగాల గ్రంథం రాశాడు. గ్రీకులో మిగిలింది మొదటి నాలుగే. ఐదు, ఆరు, ఏడు భాగాలు ఈ రోజు ప్రపంచానికి దక్కాయంటే బనూ మూసా పూనికతో జరిగిన అరబీ అనువాదం వల్లనే. ఎనిమిదోది పోయింది. తోకచుక్కకు తన పేరు పెట్టించుకున్న ఎడ్మండ్ హేలీ 1710లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఆ గ్రంథాన్ని అచ్చు వేసినప్పుడు, ఆ మూడు భాగాలను అరబీ నుంచే లాటిన్‌లోకి మార్చుకోవలసి వచ్చింది.

అదే నగరంలో హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ ఉండేవాడు. ఆయన క్రైస్తవుడు. మన హకీములు జాలీనూస్ అని పిలిచే గాలెన్ వైద్య గ్రంథాలను అనువదించాడు. ఒక్క ప్రతి చేతికి రాగానే అనువాదం మొదలుపెట్టేవాడు కాదు. వీలైనన్ని ప్రతులు సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, తప్పులు దిద్దుకున్న తరువాతే కలం పట్టేవాడు. గాలెన్ గ్రంథం ఒకదాని కోసం ఇరాక్, సిరియా, పాలస్తీనా, ఈజిప్టు తిరిగి అలెగ్జాండ్రియా దాకా వెళ్ళాడు. చివరికి డమాస్కస్‌లో దొరికింది సుమారు సగమే. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు.

ఈ విద్య ఒంటరిగా గదిలో కూర్చుని చేసేది కాదు. అందుకే మజ్లిస్‌లు ఉండేవి. ఒకరు మూలప్రతి చదువుతారు, మరొకరు నకలు చూస్తూ సరిచూస్తారు. దీన్ని ముఖాబలా అంటారు. ఎక్కడిదాకా సరిచూశారో అంచులో గుర్తు పెడతారు. గ్రంథం విన్నవారి పేర్లు, చదివినవారి పేరు, చోటు, తేదీ ప్రతి మీదే రాసిపెట్టేవారు. అలాంటి నమోదుల్లో పెద్ద పండితుల పక్కన స్త్రీల పేర్లు, పిల్లల పేర్లు కూడా కనిపిస్తాయి. ఈ నాటి మహాసభల్లో పండితులు పత్రాలు చదివి, ఒకరి తప్పు ఒకరు పట్టుకోవడం కూడా ఆ పనే. 1919లో పూనాలో మొదలైన అఖిల భారత ప్రాచ్య విద్యా మహాసభ 1941లో మన హైదరాబాద్‌కూ వచ్చింది.

ఇక మన ఊరి మాట. 1888లో హైదరాబాద్‌లో దాయిరతుల్ మఆరిఫ్ ఏర్పడింది. చేతిరాత ప్రతుల్లో చిక్కుకుపోయిన అరబీ గ్రంథాలను సరిచూసి అచ్చు వేయడం దాని పని. ఇబ్న్ హజర్ 'తహ్‌జీబుత్ తహ్‌జీబ్' 12 సంపుటాలు, అల్‌బిరూనీ ఖగోళ గ్రంథం 'అల్ ఖానూన్ అల్ మసూదీ' 3 సంపుటాలు, 1955 నుంచి రాజీ వైద్య గ్రంథం 'అల్ హావీ' ఇక్కడే అచ్చయ్యాయి. అరబీ మాతృభాష అయిన దేశాల పండితులు కూడా హైదరాబాద్ ప్రతిని ముందు పెట్టుకుని పని చేశారు. ఇది మనకు గర్వకారణం. అయితే గర్వపడి ఊరుకుంటే సరిపోదు, ఆ పని చేయగలవారు ఇప్పుడు ఎందరున్నారని అడగాలి.

ఇది పండితులకే సంబంధించిన గొడవ అనుకోకండి. పత్తొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల దాకా నిజాం రాజ్యంలో దఫ్తర్ల భాష ఫారసీ. ఆ తరువాత ఉర్దూ. మసీదుకు, దర్గాకు, ఖబ్రస్తాన్‌కు భూమి రాసిచ్చిన పాత సనదులు, వక్ఫ్‌నామాలు ఆ భాషల్లో ఉన్నాయి. చాలావాటి రాత షికస్తా, అంటే అక్షరాలు విరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయే గొలుసుకట్టు రాత. అచ్చు ఉర్దూ చక్కగా చదివేవాడు కూడా అక్కడ ఆగిపోతాడు. కాగితం మన చేతిలోనే ఉండి, అందులో ఏముందో చెప్పేవాడు లేకపోతే, హద్దు గురించి తగాదా వచ్చిన రోజున ఆ కాగితం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అప్పుడు నష్టపోయేది ఆ వక్ఫ్ ఆదాయం మీద చదువుకోవాల్సిన బీద పిల్లవాడే. నేను మొదట చెప్పిన ప్రశ్నకు నా జవాబు ఇదే.

జకాత్ సొమ్ము దీనికి ఇవ్వమని నేను అడగడం లేదు. జకాత్‌కు హక్కుదారులు వేరే ఉన్నారు, వారి వాటా వారికే చేరాలి. రేషన్ నుంచి ఒక్క సంచీ కూడా తగ్గించవద్దు. స్వచ్ఛందంగా ఇచ్చే విరాళాల నుంచి మూడు పనులకు సాయం కోరుతున్నాను.

మొదటిది, అరబీ, ఫారసీ వచ్చిన విద్యార్థుల్లో ఏటా ఇద్దరికి పాత రాతలు చదవడం నేర్పించి, నేర్చుకున్నంత కాలం నెలనెలా వేతనం ఇవ్వడం. ఇంటి ఖర్చు గడవకపోతే ఎంత ఆసక్తి ఉన్నా పిల్లవాడు మధ్యలో మానేస్తాడు.

రెండోది, నెలకొకసారి మన హాలులో ఒక మజ్లిస్. ఒక పాత గ్రంథం తీసుకుని, తెలిసిన ఉస్తాద్ ఎదుట పంక్తి పంక్తీ చదవడం, తెలుగులో అర్థం చెప్పుకోవడం. ఆడపిల్లలకూ చోటు ఉండాలి.

మూడోది, ఇళ్ళలో ఉన్న చేతిరాత ప్రతుల జాబితా. మీ తాతల పెట్టెలో అలాంటిది ఉంటే మాకు ఇచ్చేయనక్కరలేదు, మీ దగ్గరే ఉంచుకోండి. చూపించండి, ఫొటో తీసి వివరాలు రాసుకుంటాం. ఈలోగా చిరిగిన కాగితానికి సెల్లోటేపు అంటించకండి. అది కొన్నాళ్ళకు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. తేమ లేనిచోట, శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి ఉంచండి.

బనూ మూసా ఇచ్చిన దీనార్ల ఫలితం హేలీ దాకా చేరడానికి ఎనిమిది వందల ఏళ్ళకు పైగా పట్టింది. మనం పెట్టే ఖర్చుకు వచ్చే వార్షిక సభలోనే లెక్క చూపమంటే చూపగలిగేది కొంచెమే. ఇద్దరు పిల్లలు లేచి, ఒక పాత వక్ఫ్‌నామాను తడుముకోకుండా చదివి, తెలుగులో వివరిస్తే, ఆ ఏటికి అది చాలు. సదఖా జారియా అంటే ఇచ్చినవాడి తరువాత కూడా ఫలితం ఆగని దానం. ఇది అందులో చేరుతుందని నా నమ్మకం.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.